కాక్‌పిట్‌లో మూడో సీటు ఎవరికి?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఒక ఎయిర్‌లైన్స్‌లో ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్). కాపురం డల్లాస్‌లో, డ్యూటీ ఎక్కేది చికాగోలో. వేరే ఎయిర్‌లైన్స్ విమానంలో జంప్‌సీట్ (కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు సీటు) అడిగి వెళ్తుంటాడు. మొన్న తన తర్వాత వచ్చిన పైలట్‌ని ఎక్కించుకుని, వీణ్ణి గేటు దగ్గరే ఆపేశారట. అసలు వరస ఎలా నిర్ణయిస్తారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ వచ్చినాయన ఆ విమాన సంస్థ సొంత పైలట్ అయి ఉంటారు. బయటి సంస్థవాళ్లు ఎంత ముందుగా పేరు రాయించుకున్నా, సొంతవాళ్లు వస్తే వెనక్కి జరగాల్సిందే. మీ అబ్బాయి సీనియారిటీ కూడా అక్కడ పనికిరాదు, అది వాళ్ల కంపెనీ గడప దాటదు.

అందరికన్నా ముందు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇన్‌స్పెక్టర్. తనిఖీకి వచ్చి గుర్తింపు పత్రం చూపిస్తే కాక్‌పిట్‌లోని ముందు అబ్జర్వర్ సీటు ఆయనకివ్వాలని అమెరికా నిబంధనే ఉంది. తర్వాత, ఆ ఫ్లైట్‌లో పైలట్ల పనితీరు పరీక్షించడానికి కంపెనీ పంపిన చెక్ ఎయిర్‌మన్. ఆ తర్వాత సొంత పైలట్లు. వాళ్లలో వాళ్లకి సీనియారిటీయా, ముందొచ్చినవారికి ముందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. చాలాచోట్ల అనుబంధ రీజినల్ సంస్థలవాళ్లది ఆ వెనక వరస. చివరగా మీ అబ్బాయిలాంటి బయటివాళ్లు, సాధారణంగా గేటు దగ్గర పేరిచ్చిన క్రమంలో.

వరసలో ముందున్నా కెప్టెన్ ఒప్పుకోవాలి. అందుకే విమానం ఎక్కగానే కాక్‌పిట్ గుమ్మం దగ్గర నిలబడి, లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్, కంపెనీ ఐడీ చూపించి అనుమతి అడగడం పద్ధతి. ఇది ఉత్త మర్యాద కాదు. 2023 అక్టోబర్ 22న ఎవరెట్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎంబ్రాయర్ 175లో, జంప్‌సీట్‌లో ఉన్న డ్యూటీలో లేని పైలట్ ఇంజిన్ల ఫైర్ హ్యాండిళ్లు (మంటలొస్తే ఇంజిన్‌ని ఆపేసే పిడులు) లాగబోయాడు. సిబ్బంది అడ్డుకుని పోర్ట్‌లాండ్‌లో దించారు. ఆ సీటులోంచి చెయ్యి చాపితే అందనిది తక్కువ. ఎవర్ని కూర్చోబెట్టుకోవాలో కెప్టెన్ తేల్చుకోవడం న్యాయమే.

ప్రశ్న: సీట్లు ఖాళీగా ఉన్నా ఒక్కోసారి ఎందుకు ఎక్కించుకోరు?

జవాబు: ఎక్కువగా బరువు వల్ల. గమ్యంలో వాతావరణం బాగోలేక మరో విమానాశ్రయానికి సరిపడా అదనపు ఇంధనం నింపితే, చిన్న రీజినల్ జెట్లలో ఆ మేరకు మనుషుల్ని తగ్గించక తప్పదు. టికెట్ కొన్నవాళ్లకన్నా ముందు దిగేది జంప్‌సీటరే. రెండోది క్యాస్. గేటు ఏజెంట్ కంప్యూటర్లో పైలట్ ఉద్యోగాన్నీ ఫొటోనూ సరిచూసే వ్యవస్థ ఇది. కంపెనీ మారిన కొత్తలో వివరాలు అందులోకి ఎక్కకపోతే, జేబులో ఐడీ ఉన్నా కాక్‌పిట్‌లోకి పంపరు.

క్యాబిన్లో సీటు మిగిలితే జంప్‌సీటర్‌ని సాధారణంగా అక్కడే కూర్చోబెడతారు. కాబట్టి కాక్‌పిట్‌లో ఒకటే సీటున్నా ఇద్దరు ముగ్గురు వెళ్లే వీలుంది. తన ముందు మరో పైలట్ పేరు ఉందని వెనక్కి వచ్చేయకుండా, తలుపు మూసేదాకా గేటు దగ్గరే ఉండమనండి. డ్యూటీకి ఆఖరి ఫ్లైట్‌ని మాత్రం నమ్ముకోవద్దు. దాని ముందున్న ఫ్లైట్‌కే ప్రయత్నిస్తే, తప్పినా ఇంకోటి ఉంటుంది.

ప్రశ్న: ఇండియాకి కూడా అలా కాక్‌పిట్‌లో కూర్చుని రావచ్చా?

జవాబు: కుదరదు. వేరే సంస్థ పైలట్‌ని కాక్‌పిట్‌లోకి అనుమతించే క్యాస్ ఏర్పాటు అమెరికా దేశీయ ప్రయాణాల కోసమే. ఇక్కడికి రావాలంటే ఉద్యోగుల రాయితీ స్టాండ్‌బై టికెట్ మీద క్యాబిన్లో రావాలి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా ఈ విషయంలో కఠినంగానే ఉంటుంది. 2023 ఫిబ్రవరి 27న దుబాయ్–ఢిల్లీ విమానంలో స్నేహితురాలిని కాక్‌పిట్‌లోకి రానిచ్చిన పైలట్ లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేసింది, ఎయిర్ ఇండియాకి రూ. 30 లక్షల జరిమానా వేసింది.