రాజ్‌భవన్ రసీదు ఉంది, అప్పీలు గడువే పోయింది

సందేహం: మాది దేవరకొండ దగ్గర పల్లె. నా భర్త చనిపోయాక రెండెకరాల పది గుంటల మీద మా మరిది దావా వేసి, 2023 జనవరిలో డిక్రీ తెచ్చుకున్నాడు. గవర్నర్ తమిళిసై మేడం ఆడవాళ్ల బాధలు వింటారని ఫిబ్రవరిలో రాజ్‌భవన్‌లో అర్జీ ఇచ్చాను. ప్రభుత్వానికీ ఆమెకూ పడకే నా పని ఆగింది. 2024 మార్చిలో ఆమె రాజీనామా చేశారు. ఇప్పుడు మరిది ఆ డిక్రీ అమలు చేయించమని కోర్టులో ఈపీ వేశాడు. గవర్నర్ ఆఫీసు మీద కేసు వేయవచ్చా?
- ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ నాలుగు పేజీల ఉత్తరంలో మేడారం జాతరకు గవర్నర్‌కు హెలికాప్టర్ ఇవ్వకపోవడం ఉంది, 2022 బడ్జెట్ సమావేశాలు ఆమె ప్రసంగం లేకుండా జరగడం ఉంది. తీర్పు ఏ తేదీన వచ్చింది, నకలుకు ఎప్పుడు దరఖాస్తు పెట్టారు అన్నది లేదు. రాజ్‌భవన్ రసీదు జిరాక్స్ పెట్టారు, తీర్పు కాపీ పెట్టలేదు. మీ కేసంతా ఆ రెండు తేదీల్లోనే ఉంది.

ఆ గొడవలు లేకపోయినా మీ పని అయ్యేది కాదు. సివిల్ కోర్టు డిక్రీని గవర్నర్ మార్చలేరు. ఆమె దగ్గర బిల్లులు ఆగితే రాష్ట్ర ప్రభుత్వమే 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎమ్మెల్సీ పదవులకు సిఫారసు చేసిన ఇద్దరిని ఆమె తిరస్కరిస్తే వాళ్లు హైకోర్టుకు పోయారు, 2024 మార్చిలో ఆ ఉత్తర్వును కోర్టు కొట్టేసింది. అంతటివాళ్లు కోర్టు మెట్లెక్కుతుంటే మీరు కోర్టును వదిలి అర్జీ పట్టుకు తిరిగారు. ఇక గవర్నర్ మీద కేసంటారా, పదవీ విధుల విషయంలో ఆమె కోర్టుకు జవాబు చెప్పనక్కర్లేదని రాజ్యాంగం 361వ అధికరణమే చెబుతోంది. ఆ ఊసు వదిలేయండి.

దేవరకొండ కోర్టు డిక్రీ మీద నల్గొండలో అప్పీలుకు గడువు 30 రోజులు. నకలు తయారైన రోజులు మినహాయిస్తారు, కానీ గడువులోపే దరఖాస్తు పెట్టి ఉండాలి. రాజ్‌భవన్ కోర్టు కాదు కాబట్టి అక్కడ తిరిగిన కాలానికి మినహాయింపు రాదు. మిగిలింది లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మన్నించమని అడగడమే. తగిన కారణం చూపాలి. రాజ్‌భవన్ రసీదు, అక్కడి నుంచి వచ్చిన జవాబులు ఉంటే అవి మీ అమాయకత్వానికి సాక్ష్యంగా కొంత పనికొస్తాయి, అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

ఉత్తరం చివర తెలిసిన డాక్టరు పాత తేదీతో జబ్బు సర్టిఫికెట్ ఇస్తానన్నాడని రాశారు. దాని జోలికి పోవద్దు! జబ్బుతో మంచంలో ఉన్న మనిషి హైదరాబాద్ వెళ్లి అర్జీ ఎలా ఇచ్చిందని మరిది వకీలు మీ రసీదే చూపిస్తాడు. అప్పీలు పోవడమే కాదు, కోర్టులో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

రేపే కాపీ సెక్షన్‌లో నకలుకు దరఖాస్తు పెట్టండి. అప్పీలుతో పాటే ఆలస్యం మన్నింపు పిటిషన్, అఫిడవిట్ వేయాలి. ఆలస్యం సంగతి తేలకముందు స్టే దొరకడం కష్టం. అందుకే ఈపీ వాయిదాకు తప్పకుండా హాజరై కౌంటర్, అంటే మీ రాతపూర్వక జవాబు, వేయండి. భూమి ఇంకా మీ సాగులోనే ఉందా? మీరు అది కూడా రాయలేదు.