పిల్లలతో సీతాకోకచిలుకలు పెంచాలంటే ముందు డబ్బా కాదు, మొక్క చూసుకోండి

ఆరేళ్ల పాపకి సీతాకోకచిలుక ఎలా పుడుతుందో ఇంట్లోనే చూపించాలనుంది, ఎలాంటి డబ్బా కొనాలి అని అడిగారు. డబ్బా కంటే ముందు మొక్క చూసుకోండి. గొంగళిపురుగు ఏ ఆకు పడితే ఆ ఆకు తినదు. మీకు ఏ మొక్క మీద దొరికిందో ఆ ఆకులే వేయాలి. వేరేవి వేస్తే చాలావరకు ముట్టకుండా ఆకలితో చచ్చిపోతుంది.

మేం నిమ్మ మొక్కతో మొదలుపెట్టాం. లేత చిగుళ్ల మీద ఆవగింజంత గుడ్లు, లేత పసుపు రంగులో, ఒక్కోచోట ఒక్కోటి. నాలుగైదు రోజులకి పురుగు బయటికొచ్చి ముందు తన గుడ్డు పెంకునే తినేసింది. చిన్నప్పుడు అది అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. మా బాబు "ఛీ" అని తుడిచేయబోయాడు. పిట్టలు కూడా నీలాగే రెట్ట అనుకుని వదిలేస్తాయిరా అని చెప్పాక రోజూ లేవగానే దాని దగ్గరికే పరుగు. పెద్దయ్యాక పచ్చగా మారుతుంది. ఓసారి పుల్లతో తాకాడు. తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తన్నుకొచ్చాయి, ఘాటు వాసనతో సహా!

మందు కొట్టిన మొక్క ఆకులు మాత్రం వేయకండి. కొత్తగా కొన్న మొక్క ఆకులు వేసి ఒకే రాత్రిలో మూడు పురుగుల్ని పోగొట్టుకున్నాం. కొమ్మని నీళ్ల సీసాలో పెడితే మూతి దగ్గర దూది కుక్కండి, లేకపోతే అవి కిందికి పాకి మునిగిపోతాయి. కింద పడిన పెంట రోజూ తీసేయాలి, బూజు పడుతుంది. తినకుండా కదలకుండా ఉంటే కంగారొద్దు, చర్మం విడవబోతోందన్నమాట. అప్పుడు అస్సలు ముట్టుకోకూడదు.

ఇక డబ్బా. మొదటిసారి నేను నున్నటి ప్లాస్టిక్ డబ్బా వాడాను, అదే పొరపాటు. పురుగు తినడం మానేసి ప్యూపాగా, అంటే కదలకుండా గూడులా మారిపోతుంది. సీతాకోకచిలుక దాంట్లోంచి బయటికొచ్చేటప్పుడు రెక్కలు తడిగా, నలిగిన గుడ్డలా ఉంటాయి. అది పైకి పాకి వేలాడితేనే ఒంట్లోని ద్రవం రెక్కల్లోకి ఎక్కి అవి విచ్చుకుంటాయి. మా దానికి పట్టు దొరకలేదు. జారి పడుతూనే ఉంది, చివరికి రెక్కలు ముడతలతోనే గట్టిపడిపోయాయి. బాబు ఆ రోజంతా దాని పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత నుంచి దోమతెర గుడ్డ చుట్టూ కట్టిన ఎత్తైన బుట్టే వాడుతున్నాం.

పాపకి ముందే రెండు విషయాలు చెప్పండి. బయటికొచ్చాక కారే ఎర్రటి ద్రవం నెత్తురు కాదు, ప్యూపాలో పేరుకున్న వ్యర్థం. ఇంకోటి, ఒక్కోసారి ప్యూపాలోంచి సీతాకోకచిలుక బదులు చిన్న కందిరీగో ఈగో వస్తుంది. ఆ కందిరీగ తల్లో ఈగ తల్లో ముందే గొంగళిపురుగు ఒంటి మీదో ఒంట్లోనో గుడ్లు పెట్టి ఉంటుంది. మాకలా జరిగినప్పుడు ముందు చెప్పి ఉండకపోతే బాబుని ఓదార్చడం కష్టమయ్యేది.

ప్యూపా పైనుంచి లోపలి రెక్కల రంగు కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది, ఎక్కువగా ఉదయం పూటే. రెక్కలు ఆరడానికి కొన్ని గంటలు పడుతుంది. సాయంత్రం వస్తే మాత్రం ఆ రాత్రికి అలాగే ఉంచి, పొద్దున ఎండెక్కాక వదలండి.