ట్రైలర్ లాగే పికప్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మన్నాలంటే ముందు ఏం మార్చాలి?

ముందుగా పెద్ద ఆయిల్ కూలర్, టెంపరేచర్ గేజ్ పెట్టించాలి. గేర్‌బాక్స్ విప్పడం ఆ తర్వాతి మాట.

ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం టార్క్ కన్వర్టర్. అది లాకప్ కానంతసేపూ, అంటే రెండు వైపులా నేరుగా బిగుసుకోనంతసేపూ, లోపల ఆయిల్‌ను కవ్వంతో చిలికినట్టే ఉంటుంది, ఆ చిలకడంలో పోయే శక్తి వేడిగా మారుతుంది. ఆయిల్ 80–95 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటే మంచిది. తరచూ 120 దాటితే రబ్బరు సీళ్లు గట్టిపడి ప్రెషర్ కారిపోతుంది. ప్రెషర్ తగ్గితే క్లచ్ ప్లేట్లు జారతాయి, జారితే మళ్లీ వేడి.

2000ల నాటి షెవర్లే సిల్వరాడో 1500లో వచ్చిన 4ఎల్60-ఇ గేర్‌బాక్స్‌నే చూడండి. అమెరికాలో పాత పికప్ కొన్న మనవాళ్లకూ తగిలేది ఇదే. దీంట్లో తరచుగా ముందు మాడేది 3–4 క్లచ్ ప్యాక్, అంటే మూడు, నాలుగు గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్లేట్ల కట్ట. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజన్ రొద పెరుగుతుంది, బండి మాత్రం అందుకోదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నల్లగా, మాడు వాసన. అప్పుడు ఆయిల్ మారిస్తే సరిపోదు, విప్పాల్సిందే. విప్పినప్పుడే ఎక్కువ ఫ్రిక్షన్ ప్లేట్లున్న 3–4 ప్యాక్, గట్టి సన్ షెల్ (లోపలి సన్ గేర్‌ను తిప్పే డొప్ప), పెద్ద సర్వో (గేర్ బ్యాండ్‌ను బిగించే పిస్టన్) వేయించాలి. సన్ షెల్ విరిగితే రివర్స్ కూడా పోతుంది, అందుకే అక్కడ పిసినారితనం వద్దు. పాత మాడుపొడి మిగిలే కూలర్‌ను కడగాలి, లేదా మార్చాలి.

హై స్టాల్ కన్వర్టర్, అంటే ఇంజన్ ఎక్కువ వేగంతో తిరిగాకే గట్టిగా పట్టుకునే టార్క్ కన్వర్టర్, పెడితే బరువు బాగా లాగుతుందని చాలామంది అనుకుంటారు. అది రేసు బండ్ల సరుకు. ఎక్కువ జారుతుంది, ఎక్కువ కాగుతుంది. ట్రైలర్‌కు కంపెనీ స్టాల్ లేదా కాస్త తక్కువదే సరి.