దశాబ్దాలు షెడ్డులో ఉండిపోయిన అరుదైన స్పోర్ట్స్ కారు దొరికితే ముందు కొత్త రంగు వేయించాలా?

వద్దు, చాలాసార్లు ఆ పాత రంగే కారు విలువలో పెద్ద భాగం. కొత్త రంగు ఎన్నిసార్లయినా వేయవచ్చు, ఫ్యాక్టరీలో పడిన తొలి పూతను గీకేస్తే మాత్రం మళ్లీ రాదు. పగుళ్లు తేలిన తోలు సీటు, ఇంజిన్ మీద కొట్టిన నంబరు, ఇవే ఆ బండి అసలుదని చెప్పే సాక్ష్యాలు.

ఫ్రాన్స్‌లో ఒక షెడ్డులో పాత పత్రికల కట్టల కింద దొరికిన 1961 నాటి ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్‌ను 2015లో పారిస్ వేలంలో బాగుచేయకుండానే అమ్మారు. 1.6 కోట్ల యూరోలకు పైగా పలికింది.

అయితే అసలు రూపం కాపాడటమంటే యంత్రాన్నీ ముట్టుకోకూడదని చాలామంది పొరబడతారు. అది ప్రమాదకరం. నిలవున్న పెట్రోలు జిగురులా గడ్డకడుతుంది, బ్రేకుల రబ్బరు గొట్టాలు పెళుసుబారతాయి, పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకు అతుక్కుంటాయి. గొట్టాలు మార్చాలి, ట్యాంకు కడగాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కాస్త నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. దయచేసి ఆత్రంతో కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పకండి. ఇక ఎక్కడా దొరకని భాగం ఆ ఒక్క క్షణంలో విరిగిపోవచ్చు.