చట్టం మారితే కవరుకి ఎంత పడుతుంది: చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

మొన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. కౌంటీ ఎన్నికల ఆఫీసులో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే "రాష్ట్ర రాజధాని రాలీలో ఆబ్సెంటీ (పోస్టులో ఓటేసే) ఓటింగ్ చట్టం మళ్ళీ మారుస్తారట, మన కౌంటీకి ఎంత ఖర్చవుతుందో శుక్రవారంలోగా ఒక పేజీలో రాసివ్వు" అన్నారని టెన్షన్ పడుతున్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. అమెరికాలో మన నార్త్ కరొలైనా రాష్ట్రంలో జిల్లాల్లాంటి కౌంటీలు 100 ఉన్నాయి కదా, ఈపాటికి మిగతా చోట్ల కూడా ఎవరో ఒకరు నీలాగే ఖాళీ ఎక్సెల్ షీటు ముందు తల పట్టుకుని కూర్చునే ఉంటారు.

నీ షీట్లో మొదటి లైను కవర్ల ప్రింటింగ్, రెండోది పోస్టేజీ. వాటిని కాసేపు పక్కన పెట్టు. ఒక ఖాళీ ఆబ్సెంటీ కవరు చేతిలోకి తీసుకుని, ఆఫీసులో అది ఎవరెవరి బల్ల మీదికి వెళ్తుందో దాని వెనకాలే నడువు. ఓటరు దరఖాస్తు వస్తే ఎవరు చూస్తున్నారు? లేబుల్ ఎవరు అంటిస్తున్నారు? నింపిన కవరు తిరిగొచ్చాక, ఓటరు ఎదుట ఉండి సంతకం పెట్టిన సాక్షుల పేర్లు, సంతకాలు ఎవరు సరిచూస్తున్నారు? ఏదైనా తక్కువైతే ఓటరుకి ఫోన్ చేసేదెవరు? కౌంటీ ఎన్నికల బోర్డు మీటింగుకి కట్టలు కట్టి పెట్టేదెవరు? కొత్త చట్టం వీళ్ళలో ఎవరి పని పెంచుతుందో, ఎన్ని నిమిషాలు పెంచుతుందో రాసుకో. అసలు ఖర్చంతా అక్కడే ఉంటుంది.

ఫోటో ఐడీ సంగతే చూడు. 2018లో ఓటర్లు రాజ్యాంగ సవరణకి ఒప్పుకున్నారు, ఆ తర్వాత కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగింది, చివరికి 2023 మునిసిపల్ ఎన్నికల నుంచి అమల్లోకి వచ్చింది. మెయిల్లో ఓటేసేవాళ్ళు ఐడీ కాపీ జతచేయాలి, లేదా ఎందుకు లేదో చెప్పే ఫారం పెట్టాలి. చట్టంలో అది రెండు మూడు లైన్లు. మా బల్ల దగ్గరికొచ్చేసరికి వేరే కథ. కాపీని బ్యాలెట్ మడతలో దూర్చి పంపేవాళ్ళు, మొహం నల్లటి ముద్దలా కనిపించే జిరాక్స్ పంపేవాళ్ళు. ఒకాయన ఏకంగా ఒరిజినల్ లైసెన్సే కవర్లో పెట్టేశాడు. ఆయనకి ఫోన్ చేసి, జాగ్రత్తగా తిరిగి పంపేసరికి ఒక మనిషికి సగం పూట పోయింది. సరే, అలాంటివాళ్ళు అరుదు. మామూలు కవరుకే రెండు నిమిషాలు ఎక్కువ పట్టిందనుకో, 30 వేల కవర్లకి 60 వేల నిమిషాలు, అంటే వెయ్యి గంటలు. వారానికి 40 గంటల లెక్కన ఒక మనిషికి ఆరు నెలల పని. ఆ పనంతా చేయాల్సింది ఆరేడు వారాల్లో. అంటే టెంపరరీ స్టాఫ్‌ని పెట్టుకోవాలి, వాళ్ళకి ట్రైనింగ్ ఇవ్వాలి, కూర్చోవడానికి బల్లలు కావాలి.

తర్వాత తారీఖు చూడు. చట్టంలో ఏముంది అన్నదానికంటే అది ఎప్పుడొచ్చింది అన్నదే బడ్జెట్‌ని ఎక్కువ దెబ్బ కొడుతుంది. మన కౌంటీల బడ్జెట్ ఏడాది జూలై 1న మొదలవుతుంది. 2023లో వచ్చిన సెనేట్ బిల్లు 747 మీద గవర్నర్ వీటోని అసెంబ్లీ తోసిపుచ్చింది అక్టోబర్ 10న. అప్పటిదాకా ఎన్నికల రోజు పోస్టుమార్కు ఉంటే మూడు రోజులు ఆలస్యంగా వచ్చిన కవరు కూడా లెక్కలోకి వచ్చేది. ఆ చట్టంతో ఎన్నికల రోజు రాత్రి 7:30కి ఆఫీసు చేరాల్సిందే అయింది. జనవరిలో ప్రైమరీ (పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక) బ్యాలెట్లు పోస్టు చేయాలి, చేతిలో మూడు నెలలు. జూన్లో పాసైన బడ్జెట్లో ఈ ఖర్చు ఊసే లేదు. మాలాంటివాళ్ళం కౌంటీ పాలక మండలి కమిషనర్ల దగ్గరికి వెళ్ళి బడ్జెట్ సవరణ అడుక్కోవాల్సి వచ్చింది. కాబట్టి నీ పేజీలో "ఫలానా నెలలోపు అమలు తేదీ ఖరారైతే ఇంత, ఆ తర్వాతైతే ఇంత" అని రెండు అంకెలు వెయ్యి. ఒకే అంకె వేస్తే రేపు నిన్నే పట్టుకుంటారు.

ఆలస్యం ఎంత ఖరీదో 2024 సెప్టెంబర్ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆగస్టు 23న అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న రాబర్ట్ కెనెడీ జూనియర్ ప్రచారం ఆపేశాడు, తన పేరు బ్యాలెట్ మీంచి తీసేయమన్నాడు. ప్రింటింగ్ చాలావరకు అయిపోయిందని రాష్ట్ర ఎన్నికల బోర్డు కుదరదంది. కోర్టులకి వెళ్ళాడు. సెప్టెంబర్ 6న ఆబ్సెంటీ బ్యాలెట్లు పోస్టు చేయాల్సి ఉంటే అదే రోజు అప్పీల్స్ కోర్టు ఆపింది, 9న రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3తో ఆయన పేరు తీసేయమంది. అప్పటికి దాదాపు 29 లక్షల ఆబ్సెంటీ బ్యాలెట్లు అచ్చయి ఉన్నాయి. కాగితం పోతే పోయింది. ఒక్క పేరు తీస్తే కౌంటీలో ఉన్న ప్రతి రకం బ్యాలెట్ మళ్ళీ తయారుచేయాలి, ఎందుకంటే ఏ వీధి ఏ స్కూల్ బోర్డు కిందికి, ఏ టౌన్ కిందికి వస్తుందో దాన్ని బట్టి బ్యాలెట్ మారుతుంది. ప్రతిదాన్నీ మళ్ళీ ప్రూఫ్ చూడాలి, మెషీన్లకి మళ్ళీ కోడింగ్, మళ్ళీ టెస్టింగ్. విదేశాల్లో, సైన్యంలో ఉన్నవాళ్ళకి 45 రోజుల ముందే పంపాలన్న ఫెడరల్ గడువు మెడ మీద కత్తిలా ఉంది. 20న వాళ్ళకి, 24న మిగతా వాళ్ళకి వెళ్ళాయి. ఆ రెండు వారాలు మా ఆఫీసులో కాఫీ మెషీన్‌కి కూడా ఓవర్‌టైమే.

మా నాన్న గుంటూరు జిల్లాలో టీచరు. ఎలక్షన్ డ్యూటీ ఆర్డరు రాగానే సంచీ సర్దుకుని వెళ్ళేవారు, మర్నాడు కళ్ళు ఎర్రగా ఇంటికొచ్చేవారు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇక్కడ అలా కాదు. చట్టం రాలీలో రాస్తారు, బిల్లు మాత్రం చాలావరకు కౌంటీకే వస్తుంది. అది ఆస్తి పన్ను కట్టేవాళ్ళ డబ్బు. 2020లో ప్రైవేటు సంస్థల గ్రాంట్లు కొంత ఆదుకున్నాయి, 747తో ఆ దారి కూడా మూసేశారు. అందుకే నీ పేజీలో "ఎవరు భరించాలి" అని ఒక కాలమ్ ఉండి తీరాలి.

డబ్బివ్వకుండా పని పెంచితే ఏమవుతుందో కూడా ఒక లైను రాయి. 2018లో ఎర్లీ ఓటింగ్ (ఎన్నికల రోజుకి ముందే వచ్చి ఓటేసే) సెంటర్లన్నీ వారపు రోజుల్లో పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా తెరిచే ఉంచాలని చట్టం చేశారు. చెవికి బాగానే ఉంది. పన్నెండు గంటలకి సిబ్బందిని పెట్టలేక చాలా కౌంటీలు సెంటర్లే తగ్గించుకున్నాయి. ఖర్చు కనిపించలేదు కానీ, ఓటరు ఇంకో పదిమైళ్ళు కారు నడిపి దాన్ని కట్టాడు.

ఇప్పుడు నా పరువు తీసుకునే సంగతి. 2020లో కోవిడ్ వల్ల ఆ ఒక్క ఏడాదికి ఇద్దరు సాక్షుల బదులు ఒక్కరు చాలన్నారు. ఎక్కువ వేయిస్తే రేటు తగ్గుతుందని సూచనల కాగితాలు అవసరానికి మించి వేయించింది నేనే. మిగిలినవి పారేయడానికి మనసొప్పలేదు, మన ఇళ్ళల్లో ప్లాస్టిక్ డబ్బాలు దాచినట్టు దాచాను. 2022 ప్రైమరీ నాటికి మళ్ళీ ఇద్దరు సాక్షులు. ఒక కొత్త కుర్రాడు ఆ పాత కట్ట తెరిచి కవర్లలో పెట్టేశాడు. ఒక్క సాక్షితో కవర్లు తిరిగి రావడం మొదలయ్యాక గానీ మాకు తెలియలేదు. ప్రతి ఓటరుకీ ఫోన్, ఉత్తరం, కొత్త బ్యాలెట్. కాగితం మీద నేను మిగిల్చిన దానికి ఎన్నో రెట్లు వదిలింది. పాత కాగితం చింపేసే ఖర్చు కూడా నీ షీట్లో రాసుకో, సిగ్గుపడకు.

ఫోన్ కాల్స్ సంగతి అందరూ మర్చిపోతారు. రూలు మారిన ప్రతిసారీ ఫోన్లు మోగుతూనే ఉంటాయి. కేరీ, మోరిస్‌విల్ ఊళ్ళ వైపు మనవాళ్ళు ఎక్కువ కదా, "ఇంట్లో కొడుకూ కోడలూ సాక్షి సంతకాలు పెడితే చెల్లుతుందా?" అని పెద్దవాళ్ళు అడిగేవారు. చెల్లుతుందని చెప్పడానికి అర నిమిషం చాలు. నా తెలుగు వినగానే "ఏ ఊరమ్మా మీది?" దగ్గర మొదలయ్యేది, పది నిమిషాలు. ఇది లెక్కలో రాయకులే. మామూలు కాల్‌కి నాలుగైదు నిమిషాలు వేసుకో.

మిగిలే డబ్బు ఉంటే అదీ రాయి. గడువు ముందుకి జరిగాక ఎన్నికల తర్వాత మూడు రోజులు మామూలు ఓటర్ల టపా కోసం ఎదురుచూసే పని తప్పింది, అది ఆదాయే. ఖర్చులే రాస్తే ఏడుపు అనుకుంటారు, రెండూ రాస్తే కమిషనర్లు నమ్ముతారు. చట్టం మంచిదా చెడ్డదా అన్న మాట ఒక్క ముక్క కూడా వద్దు. నీకు అభిప్రాయం ఉంటే ఓటెయ్యి. నీ ఆఫీసు ఈమెయిల్ ప్రతిదీ పబ్లిక్ రికార్డే, రేపు ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. అందుకే డ్రాఫ్ట్ నాకు పంపకు, నేనిప్పుడు బయటి మనిషిని.

రేపు పొద్దున ఎక్సెల్ తెరవకముందు గోడౌన్‌కి వెళ్ళు. పాత కవర్లు, సూచనల కాగితాలు ఏ ఏడాదివి ఎన్ని డబ్బాలున్నాయో నీ చేత్తో లెక్కపెట్టు. డబ్బా పైన రాసింది నమ్మకు, తెరిచి చూడు.

నీ పెద్దమ్మ