మునిగినది వేరు, మునిగిపోయినది వేరు

సందేహం: మొదటి ప్రపంచయుద్ధంలో పేరు మోసిన జర్మన్ జలాంతర్గామి నాయకుడు ఒట్టో వెడ్డిగెన్‌ను గురించి ఒక వ్యాసం చదివాను. అందులో ‘తెల్లవారాక యు-9 (ఆయన జలాంతర్గామి) మునిగింది’ అని ఒక వాక్యమూ, ఆ వెంటనే ‘అది మూడు బ్రిటిష్ నౌకలను ముంచింది’ అని మరొక వాక్యమూ ఉన్నాయి. మునిగిన ఓడ ఇతర ఓడలను ఎలా ముంచుతుంది? ఇక్కడ ‘మునిగింది’ సాధువేనా? ‘జలాంతర్గామి’, ‘జలాంతరగామి’ రూపాలలో ఏది ఒప్పు? వెడ్డిగెన్‌ను కెప్టెన్ అనవచ్చునా?

సమాధానం: ‘మునిగింది’ అనడంలో వ్యాకరణదోషం లేదు. అయితే చదువరిని ఒక క్షణం తప్పుదారి పట్టించిన వాక్యాన్ని నిర్దోషమని వదిలిపెట్టడానికీ మనసొప్పదు.

‘మునుఁగు’ అచ్చతెలుగు ధాతువు. తమిళ కన్నడాలలోనూ దీని తోబుట్టువులున్నాయి. తమిళుల వాడుకలో తలస్నానానికి సైతం ఆ ధాతువే చెల్లుతుంది. దిగు–దించు, వంగు–వంచు, పెరుగు–పెంచు అన్న వరుసలోనే మునుగు–ముంచు ఏర్పడింది. నీటిలో పూర్తిగా దిగడమే దీని ప్రధానార్థం. నాశనమన్నది ఆ ధాతువులో లేదు. పుష్కరాలలో మూడు మునకలు వేసినవాడు ఇంటికి వచ్చి భోజనం చేస్తాడు. ‘నిండా మునిగినవాడికి చలేమిటి’ అన్న సామెతలోనూ మునిగినవాడు బతికే ఉన్నాడు, లేకపోతే చలి ప్రసక్తే రాదు. నాశనాన్ని తెచ్చిపెట్టేది వెనుక చేరే ‘పోవు’ అన్న సహాయక్రియ: విరిగిపోవు, పగిలిపోవు, చెడిపోవు, మునిగిపోవు. ప్రేరణార్థకంలో ఆ పనిని ‘వేయు’ చేస్తుంది: ముంచివేయు. మన భాషకు ఇంత చక్కని పనిముట్టు ఉండగా, నేటి రచయితలు, ముఖ్యంగా ఆంగ్లంలో చదివి తెలుగులో దింపేవారు, దానిని వాడుకభాష వెసులుబాటుగా భావించి కత్తిరించి పారేస్తారు. క్లుప్తత మంచిదే గాని, ఇంత క్లుప్తత పనికిరాదు.

వెడ్డిగెన్ కథకు ఈ భేదం ఎంత అవసరమో చూడండి. 1914 సెప్టెంబరు 22న, హాలండు తీరానికి దూరంగా, తుపాను రాత్రిని నీటిలోపల గడిపిన యు-9 తెల్లవారాక పైకి వచ్చింది. దూరాన ఓడకొయ్యలు కనబడగానే తిరిగి మునిగింది. వస్తున్నవి అబూకిర్, హోగ్, క్రెసీ అనే మూడు పాత క్రూయిజర్లు. వాతావరణం బాగాలేక వాటికి కాపలా ఉండవలసిన డిస్ట్రాయర్లు వెనుదిరిగి ఉన్నాయి. ఉదయం 6:20 ప్రాంతంలో అబూకిర్‌కు టార్పెడో తగిలింది. దాని నాయకుడు అది సముద్రంలో పాతిన మందుపాతర అనుకొని తక్కిన రెండు నౌకలనూ సాయానికి దగ్గరికి పిలిచాడు. హోగ్‌పై ఒకేసారి రెండు టార్పెడోలు వదలడంతో యు-9 ముందుభాగం తేలికై, అనుకోకుండా నీటిపైకి తేలింది. హోగ్ ఫిరంగులు పేలాయి. జలాంతర్గామి మళ్ళీ మునిగింది. చివరకు క్రెసీ వంతు వచ్చింది. ఆ పూట యు-9 ఎన్నిమార్లు మునిగినా మునిగిపోలేదు. మునిగిపోయినవి మూడు క్రూయిజర్లు, వాటితోపాటు 1,459 ప్రాణాలు.

ఇక్కడ పోతన గుర్తు రాకుండా ఉండడు. గజేంద్రమోక్షంలో మకరి ఏనుగును పట్టే సీసం ‘భుగభుగాయిత భూరి బుద్బుదచ్ఛటలతో’ అని మొదలవుతుంది. ఆ బుడగల చప్పుడును అందరూ మెచ్చుకుంటారు గాని, ఎత్తుగీతిలోని, అంటే సీసం చివరి గీతపద్యంలోని, ‘సరసిలోనుండి పొడగని’ అన్న చిన్న మాటను దాటిపోతారు. మకరి ముందు చూసింది, అదీ నీటిలోనుండి చూసింది. కుప్పించడం, లంఘించడం, హుంకరించడం ఆ తరువాతివి. జలాంతర్గామి లోపలినుండి నీటిపైన ఉన్నవాటిని చూపే గొట్టం పెరిస్కోపు; అది చేసే పని సరిగ్గా ఈ పొడగనడమే. ఇంకొక విశేషం: ఆ పద్యంలో మకరి ఎక్కడా ‘మునగదు’. నీరే దాని నెలవైనప్పుడు మునగడమన్న మాటకు చోటెక్కడిది? వెడ్డిగెన్ కాలపు జలాంతర్గామి అలాంటిది కాదు. అది ఎక్కువగా నీటిపైనే, కిరసనాయిలు ఇంజన్లతో పొగ కక్కుతూ ప్రయాణించి, అవసరమైనప్పుడు బ్యాటరీల బలంతో కొద్ది గంటలు లోపల ఉండగలిగేది. కనుక దానికి ‘మునుగు’ అన్న క్రియ తప్పదు.

మరి ‘పోవు’ చేరినచోటల్లా నాశనమేనా అంటే, అలాగని శాసించలేను. ‘పనిలో మునిగిపోయాడు’ అన్నవాడు భోజనానికి లేచి వస్తాడు. ‘అప్పులలో మునిగిపోయాడు’ అన్నవాడి సంగతి చెప్పలేము. వెడ్డిగెన్ అంతమూ ఈ సరిహద్దు దగ్గరే జరిగింది. 1914 అక్టోబరు 15న హాక్ అనే మరొక క్రూయిజరును ముంచివేసి, ‘పూర్ ల మెరిట్’ అనే ఉన్నత సైనిక పతకం పొంది, తరువాత యు-29కు నాయకుడైన ఆయన, 1915 మార్చి 18న స్కాట్లండుకు ఉత్తరాన నెప్ట్యూన్ అనే యుద్ధనౌకపై టార్పెడో వదిలాడు. గురి తప్పింది. డ్రెడ్‌నాట్ అనే మహానౌక పెరిస్కోపును చూసి వెంబడించి, జలాంతర్గామిని ఢీకొట్టింది. జలాంతర్గామి ముక్కు ఒక్కసారి నీటిపైకి లేచి, దానిపై రాసిన అంకె కనబడింది. తరువాత ఒక్కరూ మిగలలేదు. ఇక్కడ ‘మునిగింది’ అని రాస్తే ఆయన తప్పించుకున్నాడని పాఠకుడు భ్రమపడతాడు. మొత్తం మీద జలాంతర్గాముల విషయంలో, కావాలని దిగినప్పుడు ‘మునిగింది’, నశించినప్పుడు ‘మునిగిపోయింది’ అని పాటించడం మేలు. సందర్భం స్పష్టంగా ఉన్నచోట పట్టుబట్టనక్కరలేదు.

రెండవ సందేహానికి ఎక్కువ చర్చ అక్కరలేదు. లోపల అనే అర్థంలోనిది ‘అంతర్’ అన్న అవ్యయం: అంతర్యామి, అంతర్వాహిని. సమాసం చివర వచ్చే ‘అంతరము’ మరొకటి అనే అర్థమిస్తుంది: దేశాంతరం, గ్రంథాంతరం. కనుక ‘జలాంతర్గామి’ ఒప్పు. ‘జలాంతరగామి’ అంటే వేరే జలాలకు పోయేది. ఆ పేరు చైనా తీరంలోని చింగ్‌తావ్ నుండి బంగాళాఖాతానికి వచ్చిన ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌకకు తగును. యు-9 మూడు నౌకలను ముంచివేసిన నాటి రాత్రే ఎండెన్ మద్రాసుపై గుండ్లు కురిపించి, చమురు ట్యాంకులను తగులబెట్టింది. దానిని జలాంతర్గామి అనుకునేవారు నేటికీ ఉన్నారు; అది నీటిపై తిరిగిన క్రూయిజరు. ‘అంతర్జాతీయ’ సాధుత్వం జోలికి ఇప్పుడు పోను, ఈ శీర్షికలో చోటు చాలదు.

వెడ్డిగెన్ హోదా జర్మన్‌లో ‘కపిటేన్‌లాయిట్నంట్’. అది కెప్టెన్ కంటే చిన్నది. ఓడను నడిపించేవాడనే అర్థంలో కెప్టెన్ అంటే తప్పు పట్టను గాని, హోదాగా రాయరాదు. ‘నౌకాసారథి’ అని రాసేవారు సముద్రంపై రథం తోలిస్తున్నారు. మన తీరంలో సరంగు, తండేలు అన్న మాటలున్నాయి. యుద్ధనౌకకు అవి అతుకుతాయో లేదో నావికులే చెప్పాలి. నా మట్టుకు ‘నాయకుడు’ చాలును.