అజంతా, ఎల్లోరా ఒకే రోజు పెట్టుకోకు

చి. అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

మీరు నలుగురూ ఔరంగాబాద్ వెళ్తున్నారని మీ నాన్న చెప్పాడు. ఆ ఊరి పేరిప్పుడు ఛత్రపతి శంభాజీనగర్, టికెట్లు తీసేటప్పుడు కంగారుపడకు. అజంతా, ఎల్లోరా ఒక్క రోజులో చుట్టేస్తారట! ఆ పని మాత్రం చేయకు తల్లీ. ఆ ఊరి నుంచి అజంతా సుమారు 100 కిలోమీటర్లు, ఎల్లోరా ఇంకో దిక్కున 30 కిలోమీటర్లు. రోజంతా కారులోనే గడిచిపోతుంది.

ముందు వారం చూసుకో. అజంతాకి సోమవారం సెలవు, ఎల్లోరాకి మంగళవారం. నేను మొదటిసారి మీ పెద్దమ్మని, మా అమ్మని వెంటబెట్టుకుని సోమవారం పొద్దున్నే అజంతా చేరాను. గేటు మూసి ఉంది. తప్పు నాదే, ఎవర్నీ అడగలేదు. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఏ ఊరికి బయల్దేరినా "సోమవారం కాదు కదా?" అని దెప్పుతుంది. మీరు ఆదివారం దిగుతున్నారు కాబట్టి అదే రోజు అజంతా, సోమవారం ఎల్లోరా పెట్టుకోండి.

అజంతాలో మన బండి కొంత దూరంలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి వాళ్ల బస్సే. లేసుల బూట్లు వేసుకోకు. రంగుల బొమ్మలున్న గుహల్లో చెప్పులు విడవాలి, ప్రతిచోటా కూర్చుని ముడులు విప్పుకునే ఓపిక ఉండదు. మోకాళ్ల నొప్పులవాళ్లకి డోలీలు ఉంటాయి, మా అమ్మ తర్వాతి సారి అందులోనే చూసింది. కోతులకి సంచి అందనివ్వకు.

30 గుహలూ చూడాలని పంతం పట్టకు. 1, 2, 10, 16, 17, 19, 26 చాలు. 1వ గుహలోకి వెళ్లగానే ఏమీ కనిపించదు. జనం అర నిమిషం చూసి "చీకటిగా ఉంది" అంటూ బయటికొచ్చేస్తారు. నువ్వు ఒక పక్కగా ఐదు నిమిషాలు ఊరికే నిలబడు. కళ్లు అలవాటు పడ్డాక గర్భగుడి ఎడమపక్క తామర పట్టుకున్న పద్మపాణి అనే బోధిసత్వుడి బొమ్మ మెల్లగా తేలుతుంది. వంగిన కనుబొమలు, దించిన చూపు... నాకు ఆ ముఖం నాలుగోసారి వెళ్లినప్పుడు గానీ సరిగా కనిపించలేదు. ఫ్లాష్ వేయకు, గోడ తాకకు. మట్టిలో పీచూ ఊకా లాంటివి కలిపి మెత్తి, పైన పల్చగా సున్నం పూసి, ఆరాక వేసిన రంగులవి. పెచ్చు ఊడితే మళ్లీ రాదు.

10వ గుహలో ఒక స్తంభం మీద, మన తలకంటే ఎత్తులో, జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1819లో గీకిన పేరు ఉంది. అప్పట్లో లోపలంతా మట్టి పేరుకుని ఉండటంతో దాని మీద నిలబడి చెక్కాడు. అన్ని వందల ఏళ్లు మరుగున పడ్డ చోటు కనిపిస్తే ఆయనకి ముందుగా తోచింది ఆ పని! 26లో నిర్యాణం చెందుతూ పడుకున్న బుద్ధుడి కింద వరసగా ఏడుస్తున్నవాళ్లని ఒక్కొక్కరినే చూడు.

ఎల్లోరా గుహలు పడమటి ముఖం. ఎండ మధ్యాహ్నం తర్వాత లోపలికి వస్తుంది. అందుకే పొద్దున చివరనున్న జైన గుహలు ముగించుకుని, కైలాస గుడిని, అంటే 16వ గుహని, సాయంత్రానికి ఉంచుకో. అక్కడ నేరుగా లోపలికి దూరకు. పక్కనున్న కొండ దారిలోకి వదిలితే ముందు పైకెక్కి కిందికి చూడు, అంచుకు మాత్రం వెళ్లకు. రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో, 8వ శతాబ్దంలో, ఆ గుడిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారు. శిఖరం ముందు, పునాది ఆఖర్న. ఉలి ఒక్కచోట లోతుగా దిగితే అతుకు వేయడానికి లేదు. అది పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. తర్వాత కిందికొచ్చి దక్షిణం పక్క కైలాస పర్వతాన్ని ఎత్తుతున్న రావణుడి శిల్పం దగ్గర ఆగు. టైం మిగిలితే 10వ గుహ. రాతి కప్పుకి కర్ర వాసాల్లాంటి పట్టీలు చెక్కారు.

మంగళవారం దౌలతాబాద్ కోటకి వెళ్తే నీళ్లు, టార్చి పట్టుకెళ్లు. చీకటి సొరంగంలో గబ్బిలాల కంపు కొడుతుంది, నీ పక్కన అరిచేవాళ్లని నడవనీయకు. రైలెక్కాక ఒక ఫోన్ కొట్టు. మీ పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంటోంది, స్టేషన్‌కి నేనే తెస్తాను.

మీ పెదనాన్న